కోబాల్ డీబగ్గింగ్: ఎక్కడ ఆపాలె, ఎట్ల దాటాలె, ఎప్పుడు దూకాలె

తమ్మీ, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషల రాసి నువ్వు పెట్టిన కోడ్ మొత్తం చదివిన. నువ్వు అడిగినవి మూడు. ఎనుమాముల మార్కెట్ తక్‌పట్టీల (రైతుకు ఇచ్చే అమ్మకం చీటీల) లెక్కలాగ రాసుకున్న ప్రాక్టీసు ప్రోగ్రాంలో జీడీబీతో (ప్రోగ్రాంను ఆపుకుంట, లైను లైను నడిపి తప్పు వెతికే డీబగ్గర్) నెక్స్ట్ కొడితే పెర్ఫామ్ (ఒక పేరాను నడిపి తిరిగొచ్చే ఆజ్ఞ) దాటకుండ పేరా (పేరు పెట్టిన కోడ్ ముక్క) లోపలికే ఎందుకు పోతున్నది? వేల లాట్లున్న (ఒక్కో లాటు ఒక రికార్డు) ఫైల్లో తప్పు పడే లాటు దగ్గరనే ఆపుడు ఎట్ల? మడికొండ ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ (ఐబీఎం పెద్ద కంప్యూటర్) మీద జంప్‌టూ (వేరే లైనుకు దూకించే డీబగ్గర్ కమాండ్) కొడితే ఒప్పుకుంటలేదు, ఏం చేయాలె? వీటి నడుమ ఇంకో ముక్క కూడ రాసినవు: ల్యాప్‌టాప్‌ల మొత్తం పైసలు తక్కువ వస్తున్నయి, అదే కోడ్ ఆఫీసులో సరిగ్గనే వచ్చింది అని. నాకైతే అసలు ప్రశ్న అదే. మూడింటికి జవాబు చెప్పుకుంట దాని కాడికే వస్త. కమాండ్ల పేర్లన్ని ఇక్కడ తెలుగుల రాస్తున్న, కొట్టేటప్పుడు నీకు తెలిసిన స్పెల్లింగే కొట్టు.

ముందుగాల ఒక అలవాటు మార్చుకో. డీబగ్గర్ తెరవంగనే స్టెప్, స్టెప్, స్టెప్ అని నొక్కుకుంట పోతున్నవు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు పల్లెవెలుగు ఎక్కినట్టే అది. ప్రతి ఊర్ల ఆగుతది, జనగామ వచ్చేసరికే నీకు నిద్ర పడుతది. తప్పు దొరికే లైను కండ్ల ముందుకు వచ్చినా నీ వేలు దాన్ని దాటేస్తది. స్టెప్ అనేది చివరి పది పదిహేను లైన్లకు. అక్కడిదాక ప్రోగ్రాంను ఉరికించి నిలబెట్టే పని బ్రేక్‌పాయింట్‌ది. ఎక్కడ నిలబెట్టాలో డీబగ్గర్ తెరవక ముందే కోడ్ చదివి కాయితం మీద రాసుకో.

ఇగ నెక్స్ట్ సంగతి. గ్నూకోబాల్, అంటే నీ ల్యాప్‌టాప్‌ల ఉన్న కోబాల్ కంపైలర్, నీ ప్రోగ్రాంను నేరుగా మెషిన్ కోడ్ చెయ్యదు, ముందు సీ భాషలోకి మారుస్తది. మార్చేటప్పుడు నీ ప్రొసీజర్ డివిజన్ (ఆజ్ఞలు ఉండే భాగం) మొత్తం ఒక్కటే సీ ఫంక్షన్ అయితది. నువ్వు పేరా అనుకునేది దాంట్ల ఒక లేబుల్ మాత్రమే. పెర్ఫామ్ అంటే ఏం చేస్తదంటే, ఏ పేరా చివర నుంచి ఎక్కడికి తిరిగి రావాలో ఒక చిన్న స్టాక్‌ల (ఒకదాని మీద ఒకటి పేర్చిన చీటీల కట్ట అనుకో) రాసిపెట్టి, ఆ లేబుల్‌కు గోటూ కొడుతది, అంటే నేరుగ దూకుతది. జీడీబీల నెక్స్ట్ దాటగలిగేది ఫంక్షన్ కాల్‌ను. గోటూ కాల్ కాదు గదా. అందుకని నీ కోడ్‌ల పెర్ఫామ్ ఉన్న 61వ లైను మీద నెక్స్ట్ కొడితే పేరా లోపలి 71వ లైనుకు పోయి కూసుంటది. ఇంకా ఘోరం ఫినిష్: పేరా నుంచి బయటికొస్తదని కొడితే ప్రోగ్రాం మొత్తం నుంచే బయటికి తీస్కపోతది, ఎందుకంటే దాని లెక్కల ఫంక్షన్ అంటే ప్రోగ్రామే.

పెర్ఫామ్ దాటాలంటే తర్వాతి లైను మీద టీబ్రేక్ పెట్టి కంటిన్యూ కొట్టు: టీబ్రేక్ 62, కంటిన్యూ. టీబ్రేక్ అంటే ఒక్కసారి ఆగి తనంతట తానే పోయే బ్రేక్‌పాయింట్. రెండు కమాండ్లెందుకు అనుకుంటే అడ్వాన్స్ 62 అను, అదే పని చేస్తది. అంటిల్‌ను మాత్రం నమ్ముకోకు. అది లూప్‌ల వెనక్కి దూకుడును దాటుతది గని, పెర్ఫామ్ చేసిన పేరా కోడ్‌ల కింద ఉంటే అక్కడనే ఆగుతది. మెయిన్‌ఫ్రేమ్ మీద ఐబీఎం డీబగ్గర్‌లనైతే రన్‌టూ 62. స్టెప్‌కు ఓవర్, ఇంటూ, రిటర్న్ అని మూడు రకాలున్నయి గని, "ఈ లైను దాక నడువు" అని లైను నంబరుతో చెప్పుడే నాకు ఇష్టం. కోడ్ ఎట్ల రాసి ఉన్నా అది ఒకటే తీరుగ పనిచేస్తది.

వేరే ప్రోగ్రాంను కాల్ చేస్తే మాత్రం అది నిజమైన ఫంక్షన్ కాలే, నెక్స్ట్ దాన్ని మంచిగనే దాటుతది. లోపలికి పోవాలంటే స్టెప్, కాకపోతే ఆ ప్రోగ్రాంను కూడ జీ ఆప్షన్‌తో కంపైల్ చేసి ఉండాలె. కాల్ జరగక ముందే దాంట్ల బ్రేక్‌పాయింట్ పెడితే, ఇంక లోడ్ కాలేదు, లోడ్ అయినంక పెట్టమంటవా అని జీడీబీ అడుగుతది. వై అను. మెయిన్‌ఫ్రేమ్ మీద అదే ఇబ్బందికి ఏటీ (అక్కడి డీబగ్గర్‌ల బ్రేక్ పెట్టే కమాండ్) అప్పియరెన్స్ ఉన్నది: ఆ ప్రోగ్రాం మెమరీలకు రాంగనే ఆపుతది, అప్పుడు లోపల నీకు కావల్సిన లైన్ల మీద పెట్టుకో.

ఇప్పుడు నీ పైసలు ఎక్కడ పోతున్నయో చూద్దాం. నీ కోడ్ నడక ఇది. 000-మెయిన్ మొదటి రికార్డు చదివించి, ఫైల్ అయిపోయేదాక 060-లూప్‌ను పెర్ఫామ్ చేస్తది. 060-లూప్‌ల 61వ లైను: 200-లెక్క నుంచి 290-ఎగ్జిట్ దాక పెర్ఫామ్. 62: వచ్చిన పైసలు మొత్తంల కలుపు. 63: 100-చదువును పెర్ఫామ్. దాని కిందనే 100-చదువు, 66ల రీడ్. దాని కింద 200-లెక్క: బరువును రేటుతో గుణించి, హమాలీ, దడువాయి (తూకం వేసేటోళ్ల) ఖర్చులు తీసెయ్యాలె. 74వ లైనుల రేటు సున్నా ఉంటే 900-తప్పుకు గోటూ. 900-తప్పు ఒక తప్పు లైను రాసి, తర్వాతి రికార్డు చదివించి, 060-లూప్‌కు గోటూ కొడుతది.

ఆ ఆఖరు గోటూ కాడనే కథ ఉన్నది. పెర్ఫామ్‌తో లోపలికి పోయినవు, గోటూతో బయటికి దూకినవు. స్టాక్‌ల "290 చివర 62కు తిరిగి పోవాలె" అన్న చీటీ అట్లనే మిగిలిపోయింది. మళ్ల 060-లూప్ మొదలైంది, 61 ఇంకో చీటీ పెట్టింది, లెక్క అయింది, 290 చివర ఆ కొత్త చీటీ చింపి 62కు వచ్చింది. ఇక్కడిదాక బాగనే కనిపిస్తది. 63ల తర్వాతి లాటు చదివింది. 060-లూప్ ఆఖరుకు వచ్చింది. ఇక్కడి నుంచి 000-మెయిన్‌కు తిరిగి పోవాలె. కని గ్నూకోబాల్ మామూలుగ స్టాక్ మీద ఉన్న పై చీటీ ఒక్కటే చూస్తది, పైన ఉన్నదేమో 290ది, పాతది. పేరు కలవలేదు, కాబట్టి తిరిగి పోలేదు, కింద ఉన్న 100-చదువులోకి జారింది. ఇంకో రికార్డు చదివింది. ఇప్పుడే 63ల చదివిన లాటు లెక్క కాకుండనే పోయింది! అక్కడి నుంచి 200-లెక్కలోకి జారి, 290 చివర పాత చీటీ దొరికి, 62కు వచ్చి, ఏం తెల్వనట్టు ముందుకు పోయింది.

అంటే రేటు సున్నా ఉన్న లాటు ఒకటి వచ్చినప్పుడల్ల దాని తర్వాత ఒక మంచి లాటు మాయం. తప్పు లాటు లెక్క తప్పలేదు, దాని తర్వాతి లాటు లెక్క కూడ తప్పలేదు, దాని తర్వాతిది లేనే లేదు. అందుకనే ఎన్నిసార్లు 200-లెక్కల స్టెప్ కొట్టినా అన్ని సరిగ్గ కనిపించినయి. నువ్వు వెతికింది పేరాల, తప్పున్నది పేరాల నడుమ.

ఆఫీసులో ఎందుకు సరిగ్గ వచ్చింది? ఐబీఎం కంపైలర్ల పద్ధతి పాతది. అక్కడ ప్రతి పేరా ముగింపుకు దాని తిరుగు చిరునామా దానిదే. 290కి పాత చిరునామా మిగిలినా, 060 ముగింపుకు దాని చిరునామా దానికి ఉన్నది, తిరిగిపోతది. కోబాల్ స్టాండర్డ్ ఇసొంటి దూకుడుకు ఏ హామీ ఇయ్యలేదు, అందుకని రెండు కంపైలర్లు రెండు రకాలుగ నడిచినా ఎవ్వలది తప్పనలేం. మన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి, అదే ఇప్పటి నిట్‌కు, నెహ్రూ శంకుస్థాపన చేసిన 1959లనే కోబాల్ కోసం అమెరికాల కమిటీ కూర్చున్నది. ఆ కాలం భాష ఇది, పేరాను ఇప్పటి ఫంక్షన్ అనుకుని చదివితే ఇట్లనే దెబ్బ తగులుతది. గ్నూకోబాల్‌కు పెర్ఫామ్-ఓఎస్‌వీఎస్ అని ఒక ఆప్షన్ ఉన్నది, అది పెడితే స్టాక్‌ల ఉన్న ఏ పెర్ఫామ్ ముగింపు వచ్చినా గుర్తు పడుతది, పాత ఐబీఎం తీరు నడక వస్తది. నేనైతే అది పెట్టి తప్పును దాచిపెట్టుకోను. 74ల 290-ఎగ్జిట్‌కే గోటూ కొట్టి, ముందు ఒక ఫ్లాగ్ (ఇది తప్పు లాటని గుర్తు పెట్టే ఫీల్డ్) ఎత్తు. తప్పు లైను రాసుడు, 62ల కలపకుండ ఉండుడు ఆ ఫ్లాగ్ చూసి 060-లూప్‌లనే చెయ్. పెర్ఫామ్ పరిధి లోపలనే గోటూ కొడితే ఏ కంపైలర్ల బాధ లేదు.

ఇంకొకటి కూడ ఉన్నది. నీ 060-లూప్‌ను పెర్ఫామ్‌తో కాకుండ ఉత్త గోటూతో తిప్పి ఉంటే లాట్లు మాయం కాకుండె గని, తప్పు లాటుకో చీటీ చొప్పున స్టాక్‌ల పేరుకపోతుండె. గ్నూకోబాల్ పెర్ఫామ్ స్టాక్ మామూలుగ 255. పది తప్పు లాట్లున్న టెస్టు ఫైలుతో మంచిగ నడుస్తది, అసలు ఫైలుతో నడుమల కూలుతది. డీబగ్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే స్టాక్ నిండిందని చెప్పి ఆగుతది, లేకుంటే చెప్పకుండ పక్క మెమరీని ఖరాబు చేస్తది.

దీన్ని డీబగ్గర్‌తో పట్టుకునుడు ఎట్ల? నువ్వు 62 మీద టీబ్రేక్ పెట్టి కంటిన్యూ కొడితే తప్పు లాటు వచ్చినప్పుడు కూడ 62 దగ్గర ఆగుతది. కని ఆగింది నువ్వు పంపిన లాటుతో కాదు, దాని తర్వాతి లాటుతో. పెర్ఫామ్ నుంచి తిరిగొచ్చిందనే అనుకుంటవు. అందుకని ఒక పెర్ఫామ్ దాటినప్పుడల్ల ముందు, తర్వాత లాటు నంబరు చూసుకో. అది మారితే నడుమల ఎవడో దూకిండు.

రెండో ప్రశ్న ఇక్కడనే తీరుతది. తప్పు లాటు దగ్గర ఆపనీకి నీకు షరతు అక్కర్లేదు. 74వ లైనుల ఉన్న గోటూ రేటు సున్నా ఉన్నప్పుడే నడుస్తది, దాని మీద బ్రేక్ పెట్టు. ఇఫ్, గోటూ ఒకే లైనుల రాసినవు, వాటిని రెండు లైన్లు చెయ్, లేకుంటే ప్రతిసారి ఆగుతది. మెయిన్‌ఫ్రేమ్ డీబగ్గర్‌ల ఒకే లైనుల రెండో క్రియను చుక్క పెట్టి రెండు అని సూచించొచ్చు గని, లైనుకో క్రియ రాసుకుంటే ఏ గోల లేదు. అక్కడ ఆగినంక స్టెప్ తియ్. ఇప్పుడది పనికొచ్చే చోటు. 900, 66, 61, లెక్క, 62, 63, 66... ఆ తర్వాత మళ్ల 61 రావాలె గదా, 66 వస్తది. అదే దొంగ.

అసొంటి చోటు దొరకని తప్పులుంటయి. అప్పుడు లెక్కపెట్టుడే దారి. దీనికి జీడీబీల ఒక పాత ఉపాయం ఉన్నది: 66 మీద బ్రేక్ పెట్టి, ఇగ్నోర్ 1 1000000 అను. అంటే ఒకటో బ్రేక్‌పాయింట్‌ను పది లక్షలసార్లు పట్టించుకోకు అని. ప్రోగ్రాంను ఉరికించు, అది ఎక్కడ్నో కూలుతది. అప్పుడు ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్ చూస్తే ఆ లైను ఎన్నిసార్లు దాటిందో కనిపిస్తది. అది 1731 అనుకో. మళ్ల మొదటి నుంచి రన్ చేసి ఈసారి ఇగ్నోర్ 1 1730 పెట్టు. కూలే రికార్డు చదవబోయే ముందు ఆగుతది. మెయిన్‌ఫ్రేమ్ మీద ఏటీకి ఎవ్రీ, ఫ్రమ్, టూ అని తగిలిస్తే ఇదే పని అయితది: ఫ్రమ్ 1731 అంటే అంతకు ముందువి వదిలేస్తది.

ఒక లాటు నంబరు వచ్చినప్పుడే ఆగాలంటే ఐబీఎం డీబగ్గర్‌ల షరతును కోబాల్ తీరుగనే రాయొచ్చు. జీడీబీల కష్టం. దానికి కోబాల్ ఫీల్డ్ పేర్లు తెల్వయి, బీ_8, బీ_12 అసొంటి సీ పేర్లే తెలుసు. పైగ మామూలు కాంప్ ఫీల్డ్‌ను (బైనరీల దాచే నంబరు) గ్నూకోబాల్ పెద్ద బైట్ ముందుండేటట్టు దాస్తది, నీ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ చదివేదేమో తిరగేసి. ప్రింట్ కొడితే 1 ఉన్నకాడ ఏందో పెద్ద నంబరు కనిపిస్తది. వీటితో కొట్లాడకుండ నేను చేసేది ఇది: కోడ్‌లనే ఒక ఇఫ్ రాసి, లాటు నంబరు ఫలానా అయితే ఒక పనికిమాలిన కౌంటర్‌కు 1 కలుపు అని పెడ్త, ఆ కలిపే లైను మీద బ్రేక్. అక్కడ కంటిన్యూ అన్న కోబాల్ క్రియ పెట్టకు, దానికి మెషిన్ కోడ్ పుట్టదు, బ్రేక్ వేరే లైను మీదికి జరుగుతది. ఆ ఇఫ్ లైన్ల ఏడో కాలంల డీ పెట్టుకుంటే, డీబగ్గింగ్ మోడ్ ఉన్నప్పుడే కంపైల్ అయితయి, తర్వాత తీసేసే పని తప్పుతది.

విలువ ఎవరు మార్చిండ్రో తెల్వనప్పుడు లైన్లు వదిలేసి ఫీల్డ్ మీద కాపలా పెట్టాలె. మెయిన్‌ఫ్రేమ్‌ల ఏటీ చేంజ్, జీడీబీల వాచ్. కోబాల్‌ల ఇది మస్తు పనికొస్తది, ఎందుకంటే ఇక్కడ ఒకే మెమరీకి రీడిఫైన్స్‌తో మూడు పేర్లుంటయి. నువ్వు సోర్స్‌ల బరువు అన్న పేరు వెతుకుతవు, దాన్ని ఖరాబు చేసింది ఇంకో పేరుతోని గ్రూప్ మీద కొట్టిన మూవ్ స్పేసెస్ (ఖాళీలు నింపే ఆజ్ఞ). వెతికితే దొరకదు, కాపలా పెడితే దొరుకుతది, కాపలా పేరు మీద కాదు మెమరీ మీద ఉంటది గదా. రెండు సంగతులు యాది పెట్టుకో. ఒకటి, ఆగేది మార్పు జరిగినంకనే, కాబట్టి చూపించే లైను తప్పు చేసిన లైను కాకపోవచ్చు, దాని ముందుది కూడ చూడు. రెండు, ఇంటెల్ తరహా ప్రాసెసర్లల ఈ కాపలాకు హార్డ్‌వేర్ రిజిస్టర్లు నాలుగే. అంతకంటె ఎక్కువ పెడితే జీడీబీ పెట్టలేనని చెప్పి ముందుకు పోనియ్యదు, కొన్ని తీసెయ్యాలె. లింకేజ్ సెక్షన్ ఫీల్డ్ (కాల్ చేసిన ప్రోగ్రాం నుంచి వచ్చేది) అయితే అది పాయింటర్, ముందల నక్షత్రం గుర్తు (*) పెట్టి వాచ్ కొట్టాలె.

సాక్-7 (నంబరు ఉండాల్సిన ఫీల్డ్‌ల చెత్త పడి మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాం కూలుడు) వచ్చినప్పుడు నేను ముందు చేసేది ఇదే. ప్యాక్డ్ ఫీల్డ్‌ల (బైట్‌కు రెండు అంకెల చొప్పున కుదించి దాచే నంబరు) చివరి అర బైట్‌ల ప్లస్, మైనస్ గుర్తు ఉండాలె: సీ, డీ, ఎఫ్ లాంటిది. స్పేసెస్ పడితే మెయిన్‌ఫ్రేమ్‌ల అది 40 40 40, చివర సున్నా. సున్నా గుర్తు కాదు కాబట్టి కూడిక కొట్టంగనే కూలుతది. డీబగ్గర్ ఆ కూడిక లైను దగ్గర ఆగి చూపిస్తది, కని పాపం ఆ లైనుది కాదు. ఫీల్డ్ పేరు రాసుకుని, మొదటి నుంచి నడిపి, దాని మీద ఏటీ చేంజ్ పెట్టు. ఎప్పుడూ ఆగకుండనే కూలితే ఎవ్వలు దాంట్ల విలువ పెట్టనే లేదన్నట్టు, వ్యాల్యూ క్లాజ్ (మొదటి విలువ ఇచ్చేది) చూడు. నీ ల్యాప్‌టాప్‌ల డీబగ్ ఆప్షన్ లేకుంటే ఇదే చెత్త విలువతో చెప్పకుండ లెక్క చేసుకుంట పోవచ్చు, అందుకని ఇంట్ల నడిచిందని ఆఫీసులో నమ్మకు. కాపలా పెట్టే ముందే టేబుల్ హద్దుల తనిఖీ ఆన్ చేసుకో: ఆఫీసులో ఎస్ఎస్‌రేంజ్, ఇంట్ల డీబగ్ ఆప్షన్‌లనే ఉన్నది. పక్క ఫీల్డ్ ఖరాబైన కేసులల్ల చానావరకు టేబుల్ సబ్‌స్క్రిప్ట్ హద్దు దాటిందే, డీబగ్గర్ తెరవకుండనే తేలుతది.

మూడోది, జంప్‌టూ. మీ ఆఫీసు కంపైల్‌ల ఆప్టిమైజ్ (కోడ్‌ను వేగంగ నడిచేటట్టు మార్చే ఆప్షన్) 1 గని 2 గని ఉండి ఉంటది. ఆప్టిమైజ్ చేసినంక కంపైలర్ లైన్లను అటిటు జరుపుతది, విలువలను రిజిస్టర్లల దాస్తది, నడుమలకు దూకితే ఏమైతదో దానికే హామీ లేదు. అందుకని మామూలుగ జంప్‌టూ, గోటూ కమాండ్లు బంద్. టెస్ట్ ఆప్షన్‌ల ఈజేపీడీ అని ఇస్తే తెరుచుకుంటయి, దానికి కొంత ఆప్టిమైజేషన్ పోతది. టెస్టింగ్ రీజియన్‌ల ఆప్టిమైజ్ సున్నా పెట్టి కంపైల్ చేసుకునుడు ఇంకా తేలిక. ఈ రెండు కమాండ్ల తేడా ఏందంటే, జంప్‌టూ దూకి ఆడనే నిలబడుతది, గోటూ దూకి ఉరుకుతది. జీడీబీల జంప్ కూడ దూకి ఉరికేదే, నిలబడాలంటే ముందు అదే లైను మీద టీబ్రేక్ పెట్టి తర్వాత జంప్ కొట్టు.

దూకుడు గురించి నా అభిప్రాయం కచ్చితంగ చెప్త: అది చూడనీకి, నమ్మనీకి కాదు. వెనక్కి దూకితే కాలం వెనక్కి పోదు. చదివిన రికార్డు చదివినట్టే ఉంటది, కలిపిన మొత్తం కలిపినట్టే, రాసిన లైను రాసినట్టే. 61కి వెనక్కి దూకి మళ్ల నడిపితే ఒకే లాటు రెండుసార్లు మొత్తంల పడుతది. ఇంకా ప్రమాదం, పెర్ఫామ్ లేకుండ ఒక పేరా నడుమలకు దూకుడు. దానికి తిరుగు చీటీ లేదు, ఆఖరుకు పోయి కింది పేరాలకు జారుతది. నీ ప్రోగ్రాంల అయిన తప్పునే నువ్వు చేతితోని చేసినట్టు. దూకుడుకు నాకు తెలిసిన మంచి వాడకం ఒకటే: సాక్-7 దగ్గర ఆగినప్పుడు ఫీల్డ్‌ల సరైన విలువ మూవ్ చేసి, అదే లైనుకు మళ్ల పంపి, దీని తర్వాత ఇంకేం తప్పులున్నయో అదే రన్‌ల చూసుకునుడు. మార్చే పని సోర్స్‌ల తర్వాత ఎట్లనో ఉండనే ఉన్నది.

దారి ఎటు పోతున్నదో అసలు అంతు పట్టనప్పుడు ఆపుడు బంద్ చేసి జాడ తియ్. గ్నూకోబాల్‌ల ట్రేస్‌ఆల్ ఆప్షన్‌తో కంపైల్ చేసి, కోబ్_సెట్_ట్రేస్‌ను ట్రూ చేసి నడిపితే ప్రతి పేరా, ప్రతి క్రియ వరుసగ రాస్తది. నీ కేసుల జాడ తీస్తే 63 తర్వాత 100-చదువు వెంటవెంట రెండుసార్లు కనిపించేది, ఈ రాతంతా అవసరమే పడకుండె. పాత పుస్తకాలల్ల రెడీ ట్రేస్ అని చూసి కోడ్‌ల పెట్టేవు, ఇప్పటి ఐబీఎం కంపైలర్ ఎంటర్‌ప్రైజ్ కోబాల్ దాన్ని కామెంట్ లెక్క చదివి వదిలేస్తది. ఆఫీసులో దాని బదులు ఏటీ గ్లోబల్ లేబుల్ ఉన్నది: ప్రతి పేరా కాడ ఆగుతది, ఆగినప్పుడు పేరు రాసి గో అనమని దానికే అప్పజెప్పు. జీడీబీల బ్రేక్‌పాయింట్‌కు కమాండ్స్ అని రాసి, లోపల ప్రింట్, కంటిన్యూ పెడితే అదే. నీకు "డిస్‌ప్లే (విలువను తెర మీద రాసే క్రియ) పెట్టుకుంటే చాలు" అని చెప్పినోళ్లది తప్పేం కాదు, కాకపోతే దానికి ప్రతిసారి కంపైల్ చేయాలె.

ఆఫీసు మెషిన్ మీద ఒక్కటి జాగ్రత్త. బ్యాచ్ జాబ్‌ను బ్రేక్ దగ్గర నిలబెట్టి చాయ్ తాగనీకి పోతే, తిరిగొచ్చేసరికి జాబ్ ఎస్522తో పోయి ఉంటది. చాలాసేపు ఏ పని చేయకుండ ఎదురుచూసిన జాబ్‌ను సిస్టమే తీసేస్తది. జేసీఎల్‌ల (జాబ్ ఎట్ల నడవాలో చెప్పే ఆజ్ఞలు) టైమ్ ఈక్వల్స్ 1440 పెడితే తియ్యదు, కని అది మీ సీనియర్‌ను అడిగే పెట్టు. నువ్వు నిలబడ్డంత సేపు నీ ప్రోగ్రాం పట్టుకున్న డీబీ2 డేటాబేస్ తాళాలు కూడ నిలబడే ఉంటయి, వేరే టీమ్ జాబులు నీ వెనుక లైన్ల ఉంటయి. అందుకని తప్పు పుట్టే లాటు, దాని ముందర రెండు, వెనుక రెండు తీసి చిన్న ఫైల్ చేసుకుని దాని మీదనే ఆడుకో. సీఐసీఎస్ (ఆన్‌లైన్ ప్రోగ్రాంలు నడిపే వ్యవస్థ) అయితే దాని డీబగ్గింగ్ పనిముట్టు సీఈడీఎఫ్ వాడు, ప్రతి సీఐసీఎస్ కమాండ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఆగుతది. రెస్పాన్స్ కోడ్ మీదనే కొత్తది కొట్టి, ఫైల్‌ల రికార్డు దొరకనట్టు నటింపజేయొచ్చు. ఎర్రర్ పేరాలను పరీక్షించనీకి అంతకంటె తేలిక దారి లేదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: డీబగ్, ట్రేస్‌ఆల్ రెండు పెట్టి కంపైల్ చెయ్, రేటు సున్నా లాటు ఒకటి, దాని వెనుక మంచి లాట్లు నాలుగు పెట్టిన చిన్న ఫైల్ నడుపు. జాడల 66 వెంటవెంట రెండుసార్లు వస్తే పైన చెప్పిందే, 74ను సరిచేసుకో. రాకపోతే ఆ జాడ, నీ 900-తప్పు పేరా మొత్తం ఇక్కడ పెట్టు. ఇంకొకటి: తప్పు లాటే ఫైల్‌ల ఆఖరుది అయితే 900ల రీడ్ ఎండ్ అయినంక కూడ 060కి దూకుతున్నవు. అది కూడ చూసుకో.